వన్ టౌన్‌లో పాత పింగాణీ ఫ్లవర్ వాజులు దొరికే కొట్టు: కొన్నవి, వదిలేసినవి, ఇంట్లో పెట్టుకున్న తీరు

చేత్తో రంగులేసిన పాత పింగాణీ ఫ్లవర్ వాజులు వైజాగ్‌లో ఎక్కడ దొరుకుతాయని అడిగితే నేను చెప్పేది ఒకటే, వన్ టౌన్ వెళ్లండి. కురుపాం మార్కెట్ దగ్గర సందుల్లో బోర్డు లేని ఒక పాత సామాన్ల కొట్టు ఉంది. ముందు భాగంలో టేకు కుర్చీలు, ఇత్తడి బిందెలు, ఆగిపోయిన గోడ గడియారాలు ఉంటాయి, గుమ్మం దాటి లోపలి గదిలోకి వెళ్తే మూడు గోడలకీ అరలు, ఆ అరల నిండా పింగాణీయే. బోర్డే లేదు కాబట్టి పేరు రాయడానికి లేదు, పాత గడియారాల కొట్టు అని అడిగితే చుట్టుపక్కల వాళ్లు చూపిస్తారు. నేను అక్కడ కొన్నవీ ఉన్నాయి, చేతిలోకి తీసుకుని మళ్లీ అరలో పెట్టేసి వచ్చినవీ చాలా ఉన్నాయి. కొన్నా కొనకపోయినా కొట్టు నడిపే పెద్దాయన మాటతీరు ఒకేలా ఉంటుంది. ఇంత వివరంగా రాయడానికి అదే కారణం. నచ్చని విషయాలు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

అన్నిటికన్నా నాకు నచ్చింది, వస్తువు చేతికిస్తారు. మొదట నేను కాస్త భయంగా దూరం నుంచే చూస్తుంటే "అలా దూరం నుంచి చూస్తే ఏటి తెలుస్తాదమ్మా, చేత్తో పట్టుకుని తిరగేసి చూడండి" అన్నారాయన. ఈ ఒక్క మాట చాలు, ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొనడానికీ ఇక్కడ కొనడానికీ తేడా ఏంటో తెలియడానికి. ఒక జత నాకు బాగా నచ్చి ధర అడిగితే ముందు ధర చెప్పలేదు, వేలితో మెడ దగ్గర చూపించి "ఇక్కడ విరిగి అతికించారు, నేను చెప్పకపోతే మీకు కనపడదు, చెప్పే అమ్ముతాను" అన్నారు. పాత వస్తువుల వ్యాపారంలో ఇది చిన్న విషయం కాదు. అతికించిన చోట రంగు వేసి, పైన వార్నిష్ పూస్తే మామూలు కంటికి అసలు తెలియదు, అలాంటివి పూర్తి ధరకి అమ్మేవాళ్లు ఉన్నారు.

ఇన్ని వాజులు ఎక్కడి నుంచి వస్తాయని అడిగాను. పాత ఊరిలో, వాల్తేరు అప్‌లాండ్స్ వైపు పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు ఇంట్లోవి మొత్తంగా అమ్మేస్తారట, చాలా వరకు అలా వచ్చినవే. వీటిలో జపాన్ సరుకు ఎక్కువ, ఈ ఊరి సంగతి తెలిసినవాళ్లకి అందులో వింతేమీ లేదు. 1933లో హార్బర్ తెరిచారు, తర్వాత షిప్‌యార్డు వచ్చింది, 1960ల్లో ఛత్తీస్‌గఢ్ వైపు బైలడిలా గనుల ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ లైను మీదుగా కొండలు దిగి వచ్చి ఇక్కడ జపాన్ ఓడలెక్కడం మొదలైంది. ఓడల్లో పనిచేసినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు ఇంటికి ఏదో ఒకటి తెచ్చేవారు, టేప్ రికార్డరు, చీరలు, పింగాణీ టీ సెట్టు, దాంతోపాటు ఒక జత వాజులు. మర్చంట్ నేవీలో పనిచేసినవాళ్ల ఇళ్లలో షోకేసు చూసినవాళ్లకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. పాతది అయినంత మాత్రాన చేత్తో వేసింది అనుకోకండి. కాగితం మీద అచ్చువేసిన బొమ్మని పింగాణీ మీదకి దింపే పద్ధతి ఇంగ్లండులో 1750ల నుంచే ఉంది, కాబట్టి మీ ముత్తాతగారి కాలం నాటి వాజు మీద కూడా అచ్చు బొమ్మే ఉండొచ్చు. మధ్యరకం కూడా ఉంది, గీతలు అచ్చువి, లోపల రంగులు మాత్రం చేత్తో నింపినవి, జపాన్ సరుకులో ఇవి చాలా కనిపిస్తాయి. అందుకే పర్సులో చిన్న భూతద్దం పెట్టుకుని వెళ్లండి, వంద రూపాయలకి స్టేషనరీ షాపులో దొరికేది చాలు. ఈమధ్య కాలపు అచ్చయితే రంగు లోపల చిన్న చిన్న చుక్కలు వరుసగా కనిపిస్తాయి, పత్రికలో ఫొటోని దగ్గర నుంచి చూస్తే కనిపించే చుక్కలే. కుంచెతో వేసిందయితే గీత మొదట్లో రంగు చిక్కగా పడి చివరికి వచ్చేసరికి పలచబడుతుంది, ముగ్గు గీత మొదట్లో పిండి ఎక్కువ జారి కొసకి సన్నబడినట్టు. ఒకే వాజు మీద రెండు పువ్వులు చూసి పోల్చండి, రేకులు అచ్చంగా ఒకేలా ఉంటే అనుమానించాలి. జత వాజులయితే ఇంకా తేలిక, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే ఆకుని చూడండి, చేతిపని అయితే ఒక ఆకు ఇటు, ఇంకో ఆకు అటు కొంచెమయినా వంగి ఉంటుంది. నాకయితే ఆ కొంచెం తేడా కనిపిస్తేనే ఆ వాజు ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది, ఎవరో కూర్చుని ఆ ఆకుని రెండోసారి గీశారని తెలుస్తుంది కదా.

రంగు గాజుపూత (పింగాణీ మీద గాజులా మెరిసే పొర) కింద ఉందా, పైన ఉందా అన్నది కూడా చూడాలి, ఎందుకంటే ఇంటికి తెచ్చాక దాన్ని ఎలా చూసుకోవాలో దీన్నిబట్టే ఉంటుంది. నీలం-తెలుపు వాజుల్లో సాధారణంగా కోబాల్టు నీలాన్ని ముందు మట్టి మీదే వేసి, పైన గాజుపూత పోసి బట్టీలో కాలుస్తారు, అసలైన పింగాణీకి 1300 డిగ్రీల దాకా వేడి కావాలి. రంగు గాజు కింద ఉండిపోతుంది, వేలితో తడిమితే నున్నగా ఉంటుంది, ఎన్నేళ్లు తుడిచినా అరగదు. ఎరుపులు, గులాబీలు, బంగారు గీతలు ఉన్నవి వేరు. వాజుని ఒకసారి పూర్తిగా కాల్చాక గాజు మీద రంగులు వేసి, రెండోసారి తక్కువ వేడిలో, 700 నుంచి 850 డిగ్రీల మధ్య కాలుస్తారు. వీటిని వేలితో తడిమితే రంగు కాస్త ఎత్తుగా తగులుతుంది, కాలం గడిచేకొద్దీ అరుగుతుంది. బంగారం అన్నిటికన్నా ముందు పోతుంది, అంచు దగ్గరా పిడుల దగ్గరా మరీను. నిజంగా వాడిన పాత వాజుకి అరుగుదల ఉండాల్సిన చోటే ఉంటుంది, చెయ్యి తగిలే చోట, అడుగున. ఎవరూ ముట్టుకోని మూలల్లో కూడా బంగారం సమానంగా చెరిగి ఉంటే ఎవరో రుద్ది పాతదానిలా చేశారని అర్థం. మూడో రకం కూడా ఒకటుంది, కాల్చకుండా ఊరికే పైన రంగు వేసి వదిలేసింది, దాన్ని తీసుకోకండి, మన తేమకి పొరలు పొరలుగా లేస్తుంది.

బీట ఉందో లేదో తెలియాలంటే వాజుని అరచేతిలో నిలబెట్టి వేలి గోటితో మెల్లగా కొట్టండి. పింగాణీ మంచిదయితే ఖంగుమని మోగి ఆ మోత కాసేపు నిలుస్తుంది, బీట ఉంటే మోత పుట్టగానే చచ్చిపోతుంది. మందంగా ఉండే మట్టి రకాలు మోగవు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు, వెలుతురుకి పట్టుకుని చూసుకోవాలి. సెల్‌ఫోను టార్చి లోపలికి వేసి చూస్తే సన్నటి పింగాణీలో గీతలు బయటికి కనిపిస్తాయి. పైపూతలో వెంట్రుకవాసి పగుళ్లు వల అల్లినట్టు ఉంటే వెంటనే వద్దనుకోకండి, లోపలి మట్టి, పైన గాజు వేర్వేరుగా వ్యాకోచించడం వల్ల అవి వస్తాయి, సత్సుమా రకం జపాన్ వాజుల్లో అయితే ఆ పగుళ్లు కావాలని తెప్పించినవే. కానీ అలాంటి వాజులో నేరుగా నీళ్లు పోయకూడదు, పగుళ్లలోకి నీరు దిగి గోధుమరంగు మరకలు కడతాయి, అవి మళ్లీ పోవు.

అడుగున ముద్ర గురించి కొట్టులో చాలా మాటలు వినిపిస్తాయి. నాకు తెలిసినంతలో పనికొచ్చేవి ఇవి. అమెరికా 1890లో చేసిన చట్టం ప్రకారం దిగుమతి వస్తువు మీద దేశం పేరు ఉండాలి, అందుకని అక్కడికి వెళ్లే జపాన్ సరుకు మీద 1891 నుంచి 1921 దాకా నిప్పన్ అని (జపనీస్‌లో జపాన్ పేరే) వేసేవారు, తర్వాత జపాన్ అని. ఆక్యుపైడ్ జపాన్, అంటే ఆక్రమణలో ఉన్న జపాన్ అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1952 లోపుది. జపాన్ పింగాణీ కంపెనీ నోరిటాకె 1904లో మొదలైంది, కాబట్టి ఆ పేరు చూపించి నూట యాభై ఏళ్లనాటిదంటే నమ్మక్కర్లేదు. చైనా ముద్రల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కాంగ్సీ చక్రవర్తి పాలించింది 1661 నుంచి 1722 దాకా, కానీ ఆయన పేరున్న ముద్రని పంతొమ్మిదో శతాబ్దంలోనూ ఆ తర్వాతా లెక్కలేనన్ని వాజుల మీద వేశారు, అది మోసం చేయడానికే అని కూడా చెప్పలేం, పాత పనితనం మీద గౌరవంతో వేసేవారు. ముద్ర ఒక్కటి చూసి వయసు నిర్ణయించకూడదు. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో పాత పింగాణీ సామాన్లు ఉన్నాయి, హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్, యూరప్ పింగాణీకి గదులకి గదులే ఉన్నాయి. కొనే ముందు అవి కాసేపు నిలబడి చూస్తే కంటికి అలవాటవుతుంది.

ధరలు రాసి ఉండవు, ఇది నాకు నచ్చనిది. ఉత్తరప్రదేశ్‌లో ఖుర్జా అనే ఊళ్లో చేసే వాజులు 600 నుంచి మొదలు, జపాన్ చిన్నవి 900 నుంచి 1,500, జానెడు పైన ఉన్నవి 2,000 దాటతాయి, పెద్ద జాడీలు 8,000 పైమాటే. బేరం ఆడొచ్చు, కానీ సగానికి అడగొద్దు, ఆయన బాధపడతారు, చెప్పిన ధరలో సుమారు నాలుగో వంతు తగ్గిస్తారు. నేను తీసుకున్న వాటిలో నాకు ప్రాణం లాంటిది ఒక మీగడ రంగు జపాన్ వాజు, జానెడున్నర ఎత్తు, రెల్లు గడ్డిలో రెండు తెల్ల కొంగలు, ఒకటి మెడ వంచి నీళ్లలోకి చూస్తోంది. కొంగ ఈకలు తెల్లరంగు మీద తెల్లరంగుతోనే వేశారు, పక్క నుంచి వెలుతురు పడితే తప్ప కనిపించవు. 3,000 చెప్పి 2,200కి ఇచ్చారు. ఇంకొకటి ఖుర్జా పొట్టి కూజా, నీలం పువ్వులు, 700. దాని మీద కుంచె వేగంగా తిరిగింది, పువ్వులు కొంచెం అటూ ఇటూగా ఉన్నాయి, నాకు ఆ వేగమే నచ్చింది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. పెద్దాయన ఉన్నప్పుడే వెళ్లండి, ఆయన లేనప్పుడు కూర్చునే కుర్రాడు ప్రతిదాన్నీ వందేళ్లనాటిదంటాడు. అడుగున బార్ కోడ్ స్టిక్కరు చించిన జిగురు మరక ఉన్నదాన్ని కూడా అలాగే చెప్పాడు. ఇంకో మాట, కళావస్తువు నిజంగా నూరేళ్లు దాటిందయితే 1972 నాటి చట్టం కింద అది పురావస్తువు అవుతుంది, అలాంటివి అమ్మే వ్యాపారానికి లైసెన్సు కావాలి, వాటిని దేశం దాటించడం కుదరదు. అమెరికాలో ఉన్న పిల్లలకి పట్టుకెళ్దాం అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, మనకి కావాల్సింది యాభై అరవై ఏళ్లనాటి అందమైన చేతిపని, వందేళ్ల కథ కాదు. బిల్లు అడిగితేనే ఇస్తారు, తెల్ల కాగితం మీద రాసిస్తారు, అతుకు ఉంటే అది కూడా ఆ కాగితం మీద రాయించుకోండి, రాస్తారు. ప్యాకింగ్ బాగాలేదు, పేపరు చుట్టి క్యారీబ్యాగులో పెడతారు, అంతే. ఇంటి నుంచి రెండు మందపాటి తువ్వాళ్లు, ఒక అట్టపెట్టె తీసుకెళ్లాలి. కారు ఆ సందులోకి వెళ్లదు, దూరంగా పెట్టి నడవాలి. లోపలి గదిలో వెలుతురు తక్కువ, వాజుని గుమ్మం దాకా తెచ్చి చూసుకోండి, ఆయన ఏమీ అనుకోరు.

ఇక ఇంట్లో. మాది లాసన్స్ బే కాలనీలో సముద్రం గాలి నేరుగా కొట్టే ఫ్లాటు, ఇక్కడ అలంకరణ అంటే ముందు గాలి సంగతి చూసుకోవాలి. సాయంత్రం బాల్కనీ తలుపు తీస్తే కర్టెను ఎగిరి టేబుల్ మీద ఏముంటే దాన్ని ఊడ్చేస్తుంది, కాబట్టి కర్టెను అందే దూరంలో వాజు పెట్టకండి. సన్నటి మెడ, పెద్ద పొట్ట ఉన్న వాజులకి అడుగున బరువు కావాలి, కడిగి బాగా ఎండబెట్టిన ఏటి ఇసుకని జిప్ కవర్లో పోసి లోపల పెడితే కదలదు. బీచ్ ఇసుక మాత్రం వద్దు, అందులో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు తేమని లాగుతుంది. పూత లేని మట్టి, పగుళ్లున్న పూత ఉన్న వాజుల్లోకి ఉప్పు దిగితే అది లోపల గట్టిపడి పూతనే పైకి నెడుతుంది. అందుకే జైపూర్ నీలి పింగాణీని మన బాల్కనీల్లో పెట్టొద్దంటాను. అది మామూలు మట్టితో చేసేది కాదు, క్వార్ట్జ్ పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి, జిగురు కలిపి తక్కువ వేడిలో కాల్చేది, చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది కానీ సున్నితం. లోపలి గదిలో, అరలో, నీళ్లు లేకుండా పెట్టుకోవాలి.

మా హాల్లో గోడలు మీగడ తెలుపు. కొంగల వాజుని మొదట టీవీ పక్కన పెట్టాను, టీవీ వెలుగులో దాని రంగు పూర్తిగా చచ్చిపోయింది. ఇప్పుడు తూర్పు కిటికీకి పక్కగా, కూర్చుంటే కంటికి ఎదురుగా వచ్చే ఎత్తులో చిన్న టేకు స్టూలు మీద ఉంది, పొద్దున పక్క నుంచి ఎండ పడి ఈకలు ఒక్కొక్కటీ తేలుతాయి. దాని వెనక ఏమీ లేదు, పక్కన ఏమీ లేదు. చేత్తో బొమ్మ వేసిన వాజుకి చుట్టూ ఖాళీ ఉండాలని నా గట్టి అభిప్రాయం. షోకేసులో వరసగా నిలబెడితే అన్నీ కలిసి ఒక గుంపుగా కనిపిస్తాయి తప్ప ఒక్క పువ్వు కూడా కంటికి ఆనదు. ఏటికొప్పాక లక్క బొమ్మల పక్కన ఖుర్జా కూజాని పెట్టి చూశాను, బొమ్మల ఎరుపు, పసుపు ముందు ఈ నీలం నిలబడలేదు, బొమ్మలు వేరే అరకి వెళ్లాయి. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టినప్పుడు మాత్రం మా అత్తగారు ఆ కూజాని అడిగి మరీ తీసుకుని పై మెట్టు మీద చామంతులతో పెట్టారు, అక్కడ తెల్లటి పంచె మీద చాలా బాగుంది.

పూల విషయంలో, వాజు లోపలికి సరిపోయే స్టీలు గ్లాసో గాజు సీసానో దింపి నీళ్లు అందులో పోయండి, వాజుకి నీళ్లు తగలవు. పూర్ణా మార్కెట్‌లో కాడలతో ఉన్న లిల్లీపూలు తెచ్చుకుంటే పొడుగాటి నీలం వాజులకి బాగా కుదురుతాయి. బొమ్మ నిండుగా ఉన్న వాజులో రంగురంగుల గులాబీలు పెడితే రెండూ పోట్లాడుకుంటాయి, ఒకే రంగు, తక్కువ పూలు చాలు. ప్లాస్టిక్ పూలు మాత్రం దయచేసి పెట్టకండి, ఖాళీగా ఉన్నా వాజు అందంగానే ఉంటుంది. దసరా రోజుల్లో ఊరి బయట ఖాళీ స్థలాల్లో రెల్లు పూస్తుంది కదా, ఆ తెల్ల కంకులు కొన్ని తెచ్చి కొంగల వాజులో పెట్టాను, వాజు మీద వేసిన గడ్డీ లోపలి గడ్డీ ఒకటే, ఇంటికి వచ్చినవాళ్లందరూ ఆగి చూశారు.

శుభ్రం చేయడం కష్టమేమీ కాదు. గాజుపూత కింద రంగున్నవాటిని ప్లాస్టిక్ టబ్బులో అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బుతో కడగొచ్చు. పైరంగులు, బంగారు గీత ఉన్నవాటికి మెత్తటి పొడి కుంచె, తప్పదంటే తడి పిండిన మెత్తని గుడ్డ, అంతే. నిమ్మకాయ, చింతపండు, వెనిగర్, బ్లీచింగ్ ఏవీ దగ్గరికి రానివ్వకండి, పులుపు పైరంగుల్ని తినేస్తుంది. పాత పూతల్లో, రంగుల్లో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది, కాబట్టి బాగుంది కదా అని తాగే నీళ్లకీ, పచ్చళ్లకీ వాడొద్దు. దీపం స్టాండుగా మార్చడానికి అడుగున చిల్లు పొడిపించొద్దు, వస్తువు విలువ అక్కడితో పోతుంది. తుపాను హెచ్చరిక వస్తే నేను చేసే మొదటి పని వాజులన్నీ దించి తువ్వాళ్లలో చుట్టి బీరువా కింది అరలో పెట్టడం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన ఊరికి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు.

కొట్టు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా మూసి ఉంటుంది, పొద్దున పదకొండు లోపు వెళ్తే వెలుతురూ బాగుంటుంది, పెద్దాయనకి మాట్లాడే తీరికా ఉంటుంది. ఫోన్‌పే తీసుకుంటారు. గది లోపల ఎడమ వైపు కింద అరలో ఒక పెద్ద నీలం-తెలుపు జాడీ ఉంది, మూత లేదు, అడుగున కాంగ్సీ ముద్ర ఉంది, దాన్ని నమ్మకండి కానీ పొట్ట చుట్టూ రేగు కొమ్మలు వేసిన చెయ్యి మాత్రం గొప్ప చెయ్యి. 9,000 చెప్తున్నారు, మా ఇంట్లో అంత వస్తువుకి చోటు లేక వదిలేశాను. పెద్ద హాలు ఉన్నవాళ్లు ఎవరైనా తీసుకోండి, అంచుకి లోపలి వైపు చిన్న పెచ్చు ఊడి ఉంది, అది చూపించి ధర మాట్లాడండి.